తిట్ల పుస్తకంలో లేని పేజీ

యాత్రికులకు పరభాషలో తిట్లు నేర్పే హాస్య పుస్తకాలు కొన్ని ఉన్నాయి. 1966లో లండనులో వెలువడిన 'ఇన్సల్ట్ డిక్షనరీ' అయిదు భాషల్లో తిట్టడం నేర్పుతానని ఉపశీర్షికలోనే చాటుకుంది. 1980ల చివర అమెరికాలో హోవర్డ్ టోంబ్ ఇటాలియను, ఫ్రెంచి మొదలైన భాషలకు 'వికెడ్' పేరుతో ఒక వరస పుస్తకాలే రాశాడు. వీటిని విమర్శించబోతే, నీకు హాస్యం తెలియదు పొమ్మంటారు. అననివ్వండి. నేను హాస్యానికీ విరోధిని కాను, తిట్టుకూ విరోధిని కాను. తిట్లన్నీ ఏరివేస్తే 'కన్యాశుల్కం' చప్పబడిపోతుంది. నేనడిగేది ఒక్కటే: ఈ పుస్తకాల్లో తిట్టేదెవరు, పడేదెవరు?

విహారయాత్రకు వెళ్లినవాడికి పరదేశంలో ఎదురుపడేది మంత్రులూ, మిల్లు యజమానులూ కాదు. అన్నం వడ్డించేవాడు, పక్క మార్చే పనిమనిషి, టాక్సీ తోలేవాడు, దుకాణంలో గుమాస్తా. వీళ్లు మాటకు మాట అప్పజెప్పితే సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది. యాత్రికుడికి పోయేదేమిటి? మహా అయితే హోటలు మారుస్తాడు. అందుకే ఇలాంటి పుస్తకానికి తిట్టు ఉంటే చాలు, జవాబుతో పనిలేదు.

"ఆ తిట్లు నిజంగా ఎవడూ వాడడు, అసలు ఎగతాళి యాత్రికుడిమీదే" అని సమర్థకులు అంటారు. ఈ వాదంలో కొంత నిజముంది. యాత్రికుడి డాంబికాన్ని ఈ రచయితలు అక్కడక్కడ గిల్లుతారు. కాని నవ్వే పాఠకుడు కూర్చున్నది యాత్రికుడి కుర్చీలోనే గదా! వడ్డించేవాడు ఆ కుర్చీలో కూర్చుని నవ్వే సందర్భం ఎక్కడ?

ఈ అలవాటుకు మన దేశంలోనే పాత చరిత్ర ఉంది. యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు 1886లో వెలువడింది. అందులో అక్కచెల్లెళ్లనూ, కూతుళ్లనూ చెరిచే హిందూస్తానీ తిట్లకు ఒక ఆరోపం ఉంది. వాటి అర్థం సామాన్య పాఠకుడికి తెలియదు గనుకనే అచ్చు వేయడానికి సంకోచించడం లేదన్నారు సంకలనకర్తలు. అర్థమే తెలిస్తే, వాటిని వాడే ఇంగ్లీషువాళ్లలో చాలామంది జంకుతారని కూడా అన్నారు. దొరకు అది నోటి దురద. విన్న నౌకరుకు అది చెల్లెలి మానం. అర్థం తెలిసినవాడు నోరెత్తలేడు, నోరెత్తగలవాడికి అర్థం అక్కరలేదు.

బలహీనుడైన పరదేశి చేతిలో తప్పుడు పుస్తకం పడితే ఏమవుతుందో 1970లో బి.బి.సి.లో మాంటీ పైథాన్ బృందం ఒక ప్రహసనంలో చూపింది. లండను దుకాణానికి వచ్చిన హంగేరీవాడిచేత ఆ పుస్తకం బూతులు పలికిస్తుంది. దుకాణదారుచేత కూడా ఏదో తప్పు మాటే అనిపిస్తుంది. కొట్లాట జరుగుతుంది. పోలీసు వచ్చి పట్టుకుపోయేది హంగేరీవాడిని!

అది ప్రహసనం. మనవాళ్లకు ఇది బతుకు. కరీంనగర్, నిజామాబాదు, కడప, కోనసీమలనుంచి గల్ఫుకు పోయిన కూలీలకు పరభాషలో తిట్టడం సరదా కాదు. ఎమిరేట్సులో దూషణ నేరం. నోరు జారితే కేసు, జరిమానా, జైలు. "జీతం ఎప్పుడిస్తారు?", "నా పాస్‌పోర్టు నాకివ్వండి", "ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రికి తీసుకుపొండి" అనే మూడు వాక్యాలు సరిగ్గా పలకడం వాళ్లకు ముఖ్యం.

అయినా తిట్ల పుస్తకం ఒకటి వాళ్లకూ కావాలి. తిట్టడానికి కాదు, యజమాని తమను ఏమంటున్నాడో తెలుసుకోడానికి. ప్రతి తిట్టుకూ ఎదురుగా దాని అర్థమూ, చెప్పదగిన జవాబూ, ఫిర్యాదు చేసే చోటూ రాసి ఉండాలి. ఆ పుస్తకం ఎవరైనా రాస్తే నేను మొదటి ప్రతి కొంటాను. అందులో హాస్యం ఉన్నా సంతోషమే. అప్పుడు నవ్వేది పడినవాడు.