మొదటి చలానా ఎవరిది?

కోయంబత్తూరులో సింగానల్లూరు మీదుగా పోయే తిరుచ్చి రోడ్డులో పందొమ్మిదేళ్ళ కుర్రాడు బండి వేగంగా తోలితే కెమెరా చదివేది బండి నంబరునే. ఆ నంబరు ఎవరి పేరిట ఉంటే వాళ్ళ ఫోనుకే కబురు వెళుతుంది. మన ఇళ్ళల్లో బండ్లు ఎక్కువగా నాయన పేరిటే ఉంటాయి. ఆయన చూస్తాడు, వెయ్యి రూపాయలే కదా అనుకుంటాడు, ఫోనులోనే కట్టేస్తాడు. కొన్ని ఇళ్ళల్లో ఆ సాయంత్రం పెద్ద రభస జరుగుతుంది, కొన్నిచోట్ల కొడుక్కి చెప్పడం కూడా మరిచిపోతారు. తిట్లు పడ్డా, పడకపోయినా బండి తోలినవాడికి ఆ చలానాతో ఏ పనీ పడదు. అది అతని చేతికే రావాలి, దాన్ని తీర్చే భారం మొత్తం అతనే మోయాలి అన్నది నా వాదన. ఇంట్లో ఈ పద్ధతి నేడే మొదలుపెట్టవచ్చు. చట్టం కూడా ఆ దారికి రావాలి.

వెయ్యి రూపాయల చలానా గురించి ఇంత చర్చ ఎందుకనేవాళ్ళు ఒక చిన్న లెక్క చూడాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండికి ఎవరో అడ్డం వచ్చారు. బ్రేకు పడటానికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి మరో 9 మీటర్లు కావాలి. అంటే మొత్తం 20 మీటర్లు. అదే బండి 60లో ఉంటే బ్రేకు పడేలోపే దాదాపు 17 మీటర్లు దాటిపోతుంది. 40లో వచ్చిన బండి పూర్తిగా ఆగిన చోటికి ఈ బండి చేరేసరికి దాని వేగం ఇంకా 50 పైనే ఉంటుంది. ఒకరు బతికి బయటపడే చోట ఇంకొకరు చనిపోయేది ఇందుకే. ఇంతా చేసి ఎనిమిది కిలోమీటర్ల దారిలో కలిసొచ్చేది నాలుగు నిమిషాలు, అదీ మధ్యలో సిగ్నళ్ళు లేకపోతే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 71 మరణాలు అతివేగం ఖాతాలో ఉన్నాయి. ఆ ఏడాది ప్రమాదాల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తమిళనాడుది. పోలీసులు కారణం రాసేటప్పుడు అతివేగం అని తేలిగ్గా రాసేస్తారన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. ఆ లెక్కలో సగం కొట్టేసినా దాదాపు అరవై వేల ప్రాణాలు మిగులుతాయి.

పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో చట్టం చాలా కఠినంగా ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే తల్లిదండ్రులో, బండి యజమానో దోషులవుతారు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. 2024 మేలో పుణెలో పదిహేడేళ్ళ కుర్రాడు కారుతో ఇద్దరిని బలి తీసుకున్నాక దేశమంతా ఈ సెక్షన్ గురించి మాట్లాడుకుంది. కానీ పద్దెనిమిది దాటి లైసెన్సు చేతికొచ్చిన మరునాటి నుంచి కథ తిరగబడుతుంది. అక్కడ తప్పు బండి పేరిట నమోదవుతుంది. నడిపింది ఎవరని పోలీసులు అడిగితే యజమాని చెప్పి తీరాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు, డబ్బు కట్టగానే ఫైలు మూసుకుపోతుంది.

తోలినవాడి లైసెన్సు మీదే చర్య తీసుకునే విషయంలో దేశానికి దారి చూపినవాడు కోయంబత్తూరు మనిషే. గంగా ఆసుపత్రి ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ రోడ్డు భద్రత కోసం 2012లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. ఆ వ్యాజ్యం వల్లే జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ కమిటీ ఏర్పడింది. అతివేగంగా నడిపినవాళ్ళ లైసెన్సును కనీసం మూడు నెలలు నిలిపివేయాలని ఆ కమిటీ 2015లో రాష్ట్రాలను ఆదేశించింది. విరిగిన ఎముకలు అతికించే వైద్యుడు కోర్టు మెట్లెక్కి సాధించిన ఆదేశం అది. తప్పు బండి నంబరు దగ్గరే ఆగిపోయి లైసెన్సు దాకా రాకపోతే ఆ ఆదేశానికి పదునుండదు.

డబ్బు ఒక్కటే బుద్ధి చెబుతుందా అంటే, తెలంగాణ అనుభవం చూడవచ్చు. 2022 మార్చిలో అక్కడి పోలీసులు పేరుకుపోయిన చలానాల మీద రాయితీ ఇచ్చారు. ద్విచక్ర వాహనాలవాళ్ళు నాలుగో వంతు కడితే చాలన్నారు. రెండేళ్ళు తిరగకముందే, 2023 డిసెంబరులో, ఐదో వంతు చాలని మళ్ళీ ప్రకటించారు. ఖజానాకు కోట్లు వచ్చాయి. వెంటనే కట్టినవాడు తెలివితక్కువవాడన్న పాఠం మాత్రం జనానికి అందింది. బ్రిటన్‌లో మాత్రం కొద్దిగా వేగం మించినవాళ్ళకు జరిమానా బదులు వేగం గురించి అవగాహన కల్పించే క్లాసుకు వెళ్ళే వీలుంది. అక్కడి రవాణా శాఖ కోసం ఇప్సోస్ మోరి సంస్థ చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. జరిమానా, లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు తీసుకున్నవాళ్ళతో పోలిస్తే, క్లాసుకు వెళ్ళినవాళ్ళు ఆరు నెలల్లోపు మళ్ళీ అదే తప్పు చేసే అవకాశం 12 నుంచి 23 శాతం తక్కువని అది తేల్చింది. అద్భుతమేమీ కాకపోయినా, కొన్ని గంటల కాలం ఖర్చుకు అది మంచి ఫలితమే. తోలినవాడే వచ్చి కూర్చోవాలి, ఇంకొకరు బదులు కూర్చుంటే కుదరదు. ఆ క్లాసు బలం అక్కడే ఉందని నేననుకుంటాను.

కెమెరాలు సర్కారుకు డబ్బు రాబట్టే యంత్రాలని కొందరంటారు. ఆ అనుమానాన్ని కొట్టిపారేయను. అందుకే చలానా రాగానే కుర్రాడే దాన్ని తెరిచి పరీక్షించాలి. ఫొటోలో ఉన్నది తమ బండేనా, చోటు, టైము సరిపోతున్నాయా, అక్కడి వేగ పరిమితి ఎంత, కెమెరా ఉందని చెప్పే బోర్డు దారిలో ఉందా, తప్పు జరిగాక గడువులోపే నోటీసు వచ్చిందా. ఇవన్నీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఇచ్చిన హక్కులు. తప్పు చలానా అయితే ఫిర్యాదు రాయాలి, అవసరమైతే కోర్టుకు వెళ్ళాలి. నాయన గబగబా కట్టేస్తే ఈ హక్కు కూడా కుర్రాడికి దక్కదు. తప్పు రోడ్డుదే అనే వాదన కూడా ఉంది. 2022 జూన్‌లో మన ఊళ్ళో తెరిచిన సుంగం–రామనాథపురం వంతెన మలుపులో కొన్ని వారాల్లోనే యువకులు బండ్ల మీంచి కిందికి పడి చనిపోయారు, ఆ తర్వాతే అక్కడ స్పీడు బ్రేకర్లు వచ్చాయి. కట్టినవాళ్ళను నిలదీయాల్సిందే. అయితే మలుపు చెడ్డదని తెలిసినచోట వేగం తగ్గించాల్సిన అవసరం ఇంకా పెరుగుతుంది.

ఇది వేగానికి పేరుపడ్డ ఊరు, కుర్రకారు ఉరకలు వేయక మానరు అన్న మాట కూడా వినిపిస్తుంది. నిజమే, 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలిపిన జి.డి. నాయుడు ఊరు ఇది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఇక్కడివాడే. చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. వేగం మీద మోజున్నవాడికి అలాంటి ట్రాకే సరైన చోటు. ఫార్ములా వన్‌లో కూడా మనుషులు కాలినడకన తిరిగే పిట్ లేన్‌లో మామూలుగా 80 కిలోమీటర్లు దాటకూడదు. దాటితే ఎంత పేరున్న డ్రైవరుకైనా శిక్ష పడుతుంది.

సంపాదన లేని కుర్రాడు వెయ్యి ఎక్కడ తెస్తాడన్నది ఇళ్ళల్లో వచ్చే ప్రశ్న. నెలనెలా ఇచ్చే చేతిఖర్చులో కోసుకోవచ్చు. కొన్ని వారాలు తాళాలు ఇవ్వకుండా సింగానల్లూరు బస్టాండు దారి చూపించవచ్చు. అరుపులు మాత్రం వద్దు. తిట్లకు భయపడినవాడు రెండో చలానా దాచడం నేర్చుకుంటాడు. తిండి పొట్లాలు మోస్తూ ఇల్లు గడుపుకునే పందొమ్మిదేళ్ళవాడి సంగతి వేరు. అతనికి వెయ్యి అంటే రోజుల తరబడి కూలి, త్వరగా చేర్చమని తరిమేది అతని పని. అతని కోసమే మొదటి తప్పుకు జరిమానా బదులు క్లాసు ఉండాలంటున్నాను. లైసెన్సు వచ్చిన రెండేళ్ళలోపు పడే మొదటి అతివేగ చలానాకు ఆర్టీవో ఆఫీసులోనే ఒక పూట క్లాసు పెట్టాలి. ఆదివారం పెడితే కూలి పోదు. ఎముకల వార్డులో పనిచేసే నర్సు ఒక గంట మాట్లాడాలి. హాజరు లైసెన్సు నంబరు మీద నమోదు కావాలి. రానివాడికి మాత్రం జరిమానా, మూడు నెలల సస్పెన్షన్ రెండూ వర్తించాలి. దీనికి కొత్త చట్టమే రావాలని కూర్చోనక్కర్లేదు, రాష్ట్ర రవాణా శాఖ కోయంబత్తూరులో ముందుగా ప్రయోగంగా మొదలుపెట్టి ఏడాది లెక్కలు బయటపెడితే చాలు.