విజ్ఞాన విశేషాలు: రాతిని కరిగిస్తే చమురు

సున్నపురాతి పొడి మీద నిమ్మరసం పిండి చూడండి, బుసబుస పొంగుతుంది. చమురు బావులవారికి అక్కరకు వచ్చిన కిటుకు ఇదే.

భూగర్భంలో చమురు చెరువులాగా నిలిచి వుండదు. రాతిలోని సన్నని సందులలో ఇమిడి వుంటుంది. ఆ సందులు ఇరుకైతే బావిలోకి ఊరదు. అది సున్నపురాయి అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తారు. రాయి కరిగి, బొగ్గుపులుసు గాలి వెలువడి, దారులు వెడల్పవుతాయి.

అమెరికాలో హెర్మన్ ఫ్రాష్ అనే రసాయనవేత్త 1896లోనే దీనికి పేటెంటు పొందాడు. కాని ఆమ్లం రాతితోపాటు బావిలోని ఇనుప గొట్టాలనూ తినివేసేది! దానితో పద్ధతి మూలపడింది. 1932లో మిచిగన్ రాష్ట్రంలో డౌ కంపెనీవారు ఆమ్లంలో ఆర్సెనిక్ విషం కలిపి పోశారు. గొట్టాలు దక్కాయి, రాయి కరిగింది. ఎండిపోయిన బావి రోజుకు 16 పీపాల చమురు ఇచ్చింది. ఆ విషానికి బదులు తరువాత వేరే రసాయనాలు వచ్చాయి.

1974లో బయటపడిన మన బొంబాయి హై చమురు కూడా ముఖ్యంగా సున్నపురాతిలోనిదే.

మరుగుదొడ్లు కడిగే కొన్ని సీసాలలో వుండేదీ ఈ ఆమ్లమే. చలువరాయి కూడా సున్నపురాతి జాతిదే గనుక, ఆ గచ్చు మీద మాత్రం పోయకండి!