బొమ్మ గీస్తే ప్రోగ్రాం అయిపోతుందా?

వార్షికోత్సవ సంచికలో కవితలు, జోకులు ఉండాలి గానీ ఈ కంప్యూటర్ గొడవ ఏమిటి అనుకోకండి. మన స్కాలర్‌షిప్పులు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు నడుస్తున్నది ఈ గొడవ మీదే.

ఒక ఆఫీసులో పని ఎలా సాగుతుందో బొమ్మగా గీస్తారు. డబ్బా అంటే ఒక పని. బాణం అంటే తర్వాత ఎటు పోవాలో. డైమండ్ గుర్తు దగ్గర దారులు చీలుతాయి. ఈ పద్ధతి పేరు బీపీఎంఎన్, తొలి రూపం 2004లో వచ్చింది. బొమ్మను కోడ్‌గా మార్చాలంటే అప్పట్లో బీపీఈఎల్ అనే భాష ఉండేది. 2002లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, బీఈఏ కలిసి తెచ్చిన ఈ భాషకు 2007లో ఓయాసిస్ సంస్థ ప్రమాణంగా ఆమోదం ఇచ్చింది. ఆఫీసు పని తెలిసినవాడు బొమ్మ గీస్తే చాలు, కోడ్ దానంతటదే వస్తుంది, ఇక ప్రోగ్రామరుతో పనేముంది అన్నవాళ్ళున్నారు. మేము ఒప్పుకోము.

మన ఆదోని మార్కెట్ యార్డునే తీసుకుందాం. రైతు పత్తి తెస్తాడు, లాట్ నంబరు పడుతుంది, వ్యాపారులు ధర వేస్తారు, రైతు సరేనంటే కాటా, తర్వాత పట్టీ, డబ్బు. మరి ధర నచ్చకపోతే? లాట్ మళ్ళీ టెండరుకు పోవాలి. బొమ్మలో బాణాన్ని వెనక్కి తిప్పితే సరిపోతుంది. బీపీఈఎల్‌లో అలా కుదరదు. అది మన ట్రంకు పెట్టెలో చిన్న పెట్టె, అందులో ఇంకో పెట్టె సర్దినట్టు ఉంటుంది. లింకులు ఉన్నాయి గానీ అవి వెనక్కి తిరిగి చక్రం కాకూడదని నియమం. కాబట్టి ఆ బాణాన్ని 'రైతు ఒప్పుకునే దాకా తిప్పు' అనే వైల్ పెట్టెగా మార్చాలి. ఇంతవరకు సులభమే.

కాటా దగ్గర బోరెం విప్పి, తేమ ఉందని కొనేవాడు పేచీ పెడితే? ఏ యార్డులోనైనా జరిగేదే. అక్కడినుంచి ఒక బాణం మళ్ళీ ధర దగ్గరికి, ఇంకొకటి సరుకు తిరిగి బండికెక్కించే దగ్గరికి. ఇప్పుడు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టె నడుమకు దూకాలి. మార్చే సాఫ్ట్‌వేర్ ఇక్కడ చేతులెత్తేస్తుంది, లేదా ఎవరూ చదవలేని కోడ్ రాస్తుంది.

2011లో వచ్చిన బీపీఎంఎన్ 2.0 ఈ చిక్కును చాలావరకు తీర్చింది. బొమ్మనే ఫైలుగా దాచి, యాక్టివిటీ, కముండా వంటి ఇంజన్లతో నేరుగా నడిపించవచ్చు. మంచిదే. కానీ అసలు చిక్కు అక్కడ లేదు. గీయని బాణం ఏ ఇంజనులోనూ నడవదు. తేమ పేచీ కాటా దగ్గరి హమాలీకి తెలుసు, ఏసీ గదిలో బొమ్మ గీసినవాడికి తెలియదు.

మాలో ఒకడి దరఖాస్తు ఒక ఆఫీసులో 'వెరిఫికేషన్ పెండింగ్' అని రెండు నెలలు ఆగిపోయింది. టెన్త్ మార్కుల జాబితాలో పేరు ఒకలా, ఆధార్‌లో ఒక అక్షరం తేడాగా ఉంది. అక్కడి గుమాస్తా గారి స్క్రీను మీద రెండే బటన్లు: అంగీకరించు, తిరస్కరించు. సరిచేసుకు రమ్మని వెనక్కి పంపే బటన్ లేదు. తిరస్కరిస్తే పిల్లవాడి ఏడాది పోతుందని పాపం ఆయన ఏదీ నొక్కలేదు. మిషన్‌కు విసుగూ లేదు, ఆకలీ లేదు, ఎన్నాళ్ళయినా కూర్చుంటుంది. పరీక్ష ఫీజు చివరి రోజున వార్డెన్ సారు తన జేబులోంచి కట్టారు. ఈ మాట రాయొద్దన్నారు, రాశాం. కాగితపు ఫైలు రోజుల్లో లంచాలు లేవని కాదు, కానీ ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాసుకోవడానికి పక్కన మార్జిన్ ఉండేది.

నిజానికి బొమ్మలో గడియారం గుర్తు ఉంది. మనిషి చేయాల్సిన డబ్బా అంచున దాన్ని పెడితే, ఇన్ని రోజుల్లో తేలకపోతే పై అధికారికి పో అని అర్థం. బీపీఈఎల్‌లోనూ ఆన్ అలారం అని ఉంది. 2011లో మొదలైన మీసేవలో ఏ సర్టిఫికెట్‌కు ఎంత గడువో ముందే ప్రకటించారు. ఆ గడువు బోర్డు మీదే ఆగితే లాభం లేదు, బొమ్మలోకి ఎక్కాలి.

అందుకే బెంగళూరు, హైదరాబాదుల్లో సాఫ్ట్‌వేర్ చేస్తున్న మన అన్నలను, అక్కలను అడుగుతున్నాం. ఎక్కడ ఇలాంటి బొమ్మ గీస్తున్నా, 'ఈయన కాదంటే ఎటు పోతుంది? ఏమీ అనకపోతే ఎన్నాళ్ళు?' అని ఒక్కసారి అడగండి. ఆ ప్రశ్న మీకు తట్టినట్టు, ఎప్పుడూ ఫీజు కోసం ఎదురుచూడనివాడికి తట్టదు.

మా రూము గోడకు ఒక చార్టు అంటించాం. స్కాలర్‌షిప్ దరఖాస్తు నడిచే దారి గీస్తున్నాం. ఇప్పటికి 14 డబ్బాలు, వెనక్కి పోయే బాణాలు 9 తేలాయి. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తమ్ముడొకడు నిన్ననే పదోది చెప్పాడు, ఇంకా గీయలేదు. తెలిసినవాళ్ళు వచ్చి గీయండి. నీలం స్కెచ్ పెన్ను వాడండి, ఎర్రది గడియారాలకు దాచాం.