విమానం దిగాక ఉర్లా ఎంత దూరం

ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి శ్రీ విష్ణుదేవ్ సాయ్ గారికి,

రాయపూర్‌లోని ఉర్లా నుంచి ఒక రోలింగ్ మిల్లు ఫిట్టరు నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం.

దీని హిందీ ప్రతిని మా అబ్బాయి రాసిపెట్టాడు, మీ కార్యాలయానికి పోస్టులో పంపాను. తెలుగులో అచ్చుకి ఇవ్వడానికి కారణం, ఇందులో ఉన్నది నా ఒక్కడి సంగతి కాకపోవడం. ఈ ఊళ్లో ఉన్న మా తెలుగువాళ్లు చదవాలి, చదివి సంతకం పెట్టాలి. సొంతూళ్లలో ఉన్న వాళ్ల అమ్మానాన్నలు, అన్నదమ్ములు కూడా చదివితే, మనవాడు రాయపూర్‌లో ఎక్కడ ఉంటాడో, అక్కడికి చేరడమంటే ఏమిటో వాళ్లకీ తెలుస్తుంది.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. 1931లో రాయపూర్ – విజయనగరం రైలు మార్గం పూర్తయింది. ఆ పట్టాల వెంటే మా వైపు నుంచి తరాల తరబడి జనం ఇక్కడికి వస్తూనే ఉన్నారు. రైల్వేలో పనికి కొందరు, మేస్త్రీ పనికి కొందరు, తర్వాత ఈ ఇనప మిల్లులకి నాలాంటి వాళ్లు. నేను వచ్చిన ఏడాదికి మీ రాష్ట్రం పుట్టి ఇంకా రెండేళ్లు నిండలేదు. అప్పట్నించీ ఉర్లాలోనే ఉన్నాను. ఇక్కడ డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు, తులసి ఆకు తుడిస్తే వేలికి నల్లగా అంటుతుంది. అయినా నా పిల్లలు పుట్టింది, చదివింది ఇక్కడే. ఇది మా ఊరే.

ముఖ్యమంత్రి గారూ, మా వాళ్లు పండక్కి రైల్లోనే వెళ్తారు. రాత్రంతా కూర్చునో నిలబడో తెల్లారేసరికి ఊరు చేరతారు. విమానం ఎక్కేది కబురు వచ్చినప్పుడు. నాన్న పోయేలా ఉన్నాడురా, చెల్లిని ఆసుపత్రిలో చేర్చాంరా అని ఫోను వస్తుంది. మిల్లులో ఉన్నవాళ్లంతా తలా ఐదొందలు, వెయ్యీ వేసుకుని టికెట్టు కొంటారు. ఆ టికెట్టుకి అందరూ లెక్క కడతారు గానీ, ఉర్లా నుంచి విమానాశ్రయానికి అర్ధరాత్రి ఎలా వెళ్లాలో, అవతలి నుంచి వచ్చినవాడు ఉర్లా ఎలా చేరాలో ఎవరూ లెక్క కట్టరు. ఆ మిగిలిన లెక్క గురించే ఈ ఉత్తరం.

మా నాన్నని హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను జీవితంలో మొదటిసారి విమానం ఎక్కాను. రాత్రి పొద్దుపోయాక శంషాబాద్‌లో దిగాను. ఎటు వెళ్లాలో తెలీదు, చేతిలో ఒక సంచీ, ఒంటి మీద డ్యూటీ చొక్కా. బయటికి రాగానే ఆర్టీసీ పుష్పక్ బస్సు కనిపించింది. కండక్టరుని కూకట్‌పల్లి అని అడిగాను. ఎక్కు బాబూ, జేఎన్‌టీయూ దగ్గర దింపేస్తాను అన్నాడు. అంతే. టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. అప్పటిదాకా దారి గురించే భయం, ఆ తర్వాతే నాన్న గుర్తొచ్చాడు. బేగంపేట విమానాశ్రయం ఊరి నడిబొడ్డున ఉండేది. 2008 మార్చిలో దాన్ని శంషాబాద్‌కి మార్చారు. అంత దూరం మార్చినా, బస్సులో కూర్చుంటే ఊళ్లోకి చేరవచ్చన్న ధైర్యం జనానికి ఉంది. బెంగళూరులోనూ అదే ఏడాది విమానాశ్రయాన్ని దేవనహళ్లికి తీసుకుపోయారు, అక్కడ వాయు వజ్ర బస్సులు ఊరి నలుమూలలకీ వెళ్తాయి. దూరంలో ఉన్న విమానాశ్రయం తప్పేమీ కాదు. ఇక్కడి నుంచి నీ ఇంటి వైపు ఒక బండి ఉంది అని చెప్పేవాడు ఉంటే చాలు.

నాన్న దక్కలేదు. పదమూడో రోజు అయ్యాక తిరిగి వచ్చాను. రాయపూర్‌లో దిగేసరికి రాత్రి. ఆ వేళకి నాకు బస్సు ఏదీ దొరకలేదు. ఒక టాక్సీ అతను తొమ్మిది వందలు అడిగాడు. మా మిల్లులో హెల్పరుకి అది రెండు రోజుల కూలి. నేను గుండు చేయించుకుని ఉన్నాను, అతను చూశాడు, వంద తగ్గించాడు. అతని మీద నాకు కోపం లేదు. అంత దూరం వచ్చి, తిరిగి ఖాళీగా పోవాలి కదా.

మీకు తెలియని ఊరు కాదు గానీ, తెలుగు చదివేవాళ్ల కోసం చెబుతాను. విమానాశ్రయం మానా దగ్గర, ఊరికి ఆగ్నేయాన ఉంది. ఉర్లా వాయవ్యాన. ఈ మూల నుంచి ఆ మూలకి గీత గీస్తే ఊరంతా మధ్యలో పడుతుంది. తెలీబాంధా చెరువు, స్టేషను, ఫాఫాడీహ్, ఖమ్‌తరాయి, భన్‌పురి, బీర్‌గావ్ దాటాక మేము. సుమారు పాతిక కిలోమీటర్లు. ముక్కలు ముక్కలుగా ఆటోలు మారుతూ రావాలంటే ఎక్కడ దిగాలో, ఎక్కడ ఎక్కాలో తెలిసి ఉండాలి, చేతిలో సామాను ఉండకూడదు, పొద్దు ఉండాలి. ఊరు కాని ఊరి నుంచి వచ్చినవాడికి ఈ మూడూ ఉండవు.

ఇక మా అమ్మ సంగతి.

నాన్న పోయాక అమ్మ మా చెల్లి దగ్గర హైదరాబాద్‌లో ఉండేది. మోకాళ్ల నొప్పులు, రైల్లో అంతసేపు కూర్చోలేదు. చెల్లే విమానం టికెట్టు కొని ఎక్కించింది. నేను విమానాశ్రయానికి వెళ్లాలి. ఆ రోజు సెకండ్ షిఫ్టులో స్టాండు బేరింగు పోయింది. లైను ఆగిపోయింది. కాలిన బిల్లెట్లు ఫర్నేసులో ఉన్నాయి, ఫిట్టరు కదలడానికి వీల్లేదు. మా ఆవిడ వెళదామంటే చిన్నవాడికి జ్వరం. పర్వాలేదు నేను వచ్చేస్తాను అంది అమ్మ ఫోనులో. అమ్మకి హిందీ రాదు. అందుకని చెల్లి ఒక చీటీ రాసిచ్చింది. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం. పైన తెలుగులో మా ఇంటి గుర్తులు, కింద హిందీ అక్షరాల్లో ఉర్లా, బీర్‌గావ్, నా ఫోను నంబరు. అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి, తడవకుండా మందుల కవరులో పెట్టుకుని, కవరుని కొంగుకి ముడి వేసుకుంది.

రాత్రి తొమ్మిదింటికి బయటికి వచ్చి ఆ చీటీ పట్టుకుని నిలబడింది. అందరికీ చూపించింది. కొందరు చదివి తల ఊపి వెళ్లిపోయారు. చివరికి ఒక బండి అతను ఎక్కించుకున్నాడు. డబ్బు ముందే తీసుకున్నాడు. బీర్‌గావ్ దాకా వచ్చి, లోపలి రోడ్డుకి రానని సైగ చేసి, అక్కడే దింపేశాడు. డెబ్బై ఏళ్ల మనిషి, లారీలు పోయే రోడ్డు పక్కన, ఆవకాయ జాడీ ఉన్న సంచీ మీద కూర్చుంది. ఎదురుగా టీ కొట్టు మూసేస్తున్న ఒకావిడ చూసింది. కహాఁ జాబే దాయీ అని అడిగిందట. ఛత్తీస్‌గఢీలో దాయీ అంటే అమ్మ. మా అమ్మకి ఆ మాట అర్థం కాలేదు గానీ పిలుపు అర్థమైంది. చీటీ ఇచ్చింది. ఆవిడ నాకు ఫోను చేసింది. నేను మోటారు సైకిలు మీద వెళ్లేసరికి పొయ్యి మళ్లీ వెలిగించి అమ్మకి టీ ఇచ్చి, పక్కన కూర్చుని ఉంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ ఆవిడ చేతిని వదల్లేదు.

ఆ తల్లి లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించలేను. కానీ ప్రయాణికులు ఇల్లు చేరడం దారిన పోయే మంచివాళ్ల మీద ఆధారపడి ఉండకూడదు కదండీ.

మీరు జష్‌పూర్ జిల్లా బగియా పల్లెలో పుట్టి పెరిగినవారు. రాజధాని నుంచి ఇంటికి ఎంత దూరమో, చీకటి పడ్డాక చివరి బండి తప్పిపోతే ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పాలా. అందుకే అడగడానికి ధైర్యం వచ్చింది.

అడిగేది పెద్ద కట్టడాలు కాదు. మెట్రో అడగడం లేదు. రోడ్డు ఉంది. ధమ్‌తరీ వైపు పోయే పాత చిన్న రైలు పట్టాలు తీసేసి, స్టేషను నుంచి తెలీబాంధా మీదుగా ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. విమానాశ్రయం వైపు నుంచి వచ్చే బస్సు ఆ దారి పట్టుకుంటే ఊరి మధ్య సిగ్నళ్లు తప్పించుకుని నేరుగా స్టేషను దగ్గర తేలుతుంది. అక్కడి నుంచి ఫాఫాడీహ్ మీదుగా బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకుంటే మా బీర్‌గావ్, ఉర్లా. బస్సులకీ దారి ఉంది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ–బస్ సేవ పథకంలో రాయపూర్‌కి 100 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఆ నూరులో నాలుగు మాకు ఇప్పించండి.

నాలుగని ఊరికే అనలేదు. పాతిక కిలోమీటర్లు, మధ్యలో ఆగుతూ వస్తే గంటంబావు. రెండు చివర్లా పావుగంట చొప్పున విరామం. పోనూ రానూ మూడు గంటలు. నాలుగు బస్సులు తిప్పితే ముప్పావుగంటకి ఒకటి వస్తుంది. విమానం దిగి సామాను తీసుకునే లోపు ఒకటి పోయినా, ఇంకొకటి వస్తుందని కూర్చోవచ్చు.

వేళలు మాత్రం ఆఫీసు వేళలు చూసి పెట్టకండి. మాకు అసలు ఇబ్బంది అక్కడే. తెల్లవారుజామున మూడున్నరకి ఉర్లా నుంచి మొదటి బస్సు బయల్దేరితే పొద్దున్న మొదటి విమానం అందుతుంది. రాత్రి ఆఖరి విమానం ఎంత ఆలస్యమైనా, అది దిగేదాకా ఆఖరి బస్సు కదలకూడదు. బస్సు ఖాళీగా ఉన్నా సరే, ఆగాలి. ఒకసారి ఆగకుండా పోతే, ఆ మాట ఊళ్లో పాకిపోతుంది, ఇక ఎవడూ ఆ బస్సుని నమ్ముకుని టికెట్టు కొనడు. బయటికి వచ్చే గుమ్మం నుంచి కంటికి కనిపించే చోట స్టాపు పెట్టించండి. బోర్డు మీద ఊళ్ల పేర్లు హిందీతో పాటు ఒడియాలోనూ తెలుగులోనూ రాయించండి. అక్షరం చూస్తేనే మనిషికి సగం భయం పోతుంది.

జనం ఎక్కుతారా అని మీ అధికారులు అడగవచ్చు. విమానంలో దిగినవాళ్లే ఎక్కనక్కర్లేదు. ఏడాదికి ఇరవై లక్షల మందికి పైగా వచ్చిపోయే విమానాశ్రయం అది. వాళ్ల సామాను మోసేవాళ్లు, నేల తుడిచేవాళ్లు, క్యాంటీన్లో గిన్నెలు కడిగేవాళ్లు, కాపలా కాసేవాళ్లు షిఫ్టుల్లోనే పనిచేస్తారు, మాలాగే. దారిలో స్టేషను ఉంది. అక్కడ రాత్రి రైలు దిగి ఉర్లా, సిల్‌తరా మిల్లులకి వచ్చే కూలీలు ఉన్నారు. రాత్రి పది గంటల షిఫ్టుకి వచ్చే వాళ్లు, దిగే వాళ్లు ఉన్నారు. ఈ దారిలో ఏ వేళకైనా మనుషులు నడుస్తూనే ఉంటారు, నేను రోజూ చూస్తున్నాను.

రాయపూర్ నుంచి నవా రాయపూర్‌కి 2016లో బీఆర్‌టీఎస్ బస్సులు మొదలైనప్పుడు మేమంతా సంతోషించాం. 2025 మార్చి 30న మందిర్ హసౌద్ మీదుగా అభన్‌పూర్‌కి మెమూ రైలు వచ్చినప్పుడూ సంతోషించాం. అవి కొత్త రాజధానికి దారి చూపాయి. ఇటువైపు, ఆ రాజధాని కట్టడానికి కడ్డీలు చేసిన చోటికి కూడా ఒక దారి పడాలని మా కోరిక.

ఆ విమానాశ్రయానికి స్వామి వివేకానంద పేరు పెట్టారు. ఆయన పిల్లవాడుగా, నరేంద్రుడుగా, 1877లో ఈ ఊరికి వచ్చాడు. వాళ్ల నాన్నగారు ఇక్కడ పనిమీద ఉండేవారు. అప్పటికి రాయపూర్‌కి రైలు లేదు. అడవుల గుండా ఎడ్లబండి మీద రోజుల తరబడి వచ్చారు. నాన్న ఉన్న ఊరికి చేరడానికి పిల్లవాడు పడ్డ ప్రయాణం అది. ఆ పేరున్న గుమ్మం నుంచి బయటికి వచ్చే ప్రతి బిడ్డా, ప్రతి తల్లీ తన వాళ్ల దగ్గరికి క్షేమంగా చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఉర్లా, బీర్‌గావ్, భన్‌పురిల్లో ఉన్న తెలుగువాళ్లం, ఒడియావాళ్లం, ఛత్తీస్‌గఢీ సోదరులం ఆదివారాలు సంతకాలు తీసుకుంటున్నాం. బీర్‌గావ్ టీ కొట్టు దగ్గరే బల్ల వేశాం. మొదటి వేలిముద్ర మా అమ్మది, రెండోది ఆ టీ కొట్టు ఆవిడది. కాగితాలు పట్టుకుని మీ దగ్గరికి ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాం. రెండు రోజుల ముందు చెప్పిస్తే చాలు, షిఫ్టులు మార్చుకుంటాం.

ఇట్లు,
ఒక ఫిట్టరు,
ఉర్లా, రాయపూర్