సంచిలో శిఖరం

1880 దశకంలో ఇటలీ ఛాయాగ్రాహకుడు విట్టోరియో సెల్లా ఆల్ప్స్ శిఖరాలకు 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు గల గాజు ఫలకాలను తీసుకుపోయేవాడు. కెమెరా దెబ్బతింటే బాగుచేసుకోవచ్చు. బింబం పడిన గాజు దిగే దారిలో పగిలితే శిఖరమే చేజారినట్లు. అందుకే ఆ ఫలకాలు భద్రంగా ఇల్లు చేరేలా వీపుసంచులనూ, బరువు మోసే జంతువుల జీనులనూ ఆయన ప్రత్యేకంగా మార్చుకున్నాడు. 1899లో కాంచనగంగ చుట్టూ, 1909లో కె-2 చెంతకు సాగిన యాత్రలలోనూ ఆయన కెమెరా వెంట నడిచింది.

నేటి పెద్ద కెమెరాలలో గాజు స్థానాన్ని చాలావరకు ఫిల్ము రేకులు ఆక్రమించాయి. అయినా సంచి ఎంచుకునేవారికి సెల్లా చూపిన దారే మేలు: పోతే తిరిగి రానిదేదో ముందుగా గుర్తించి, దానికి నడిమి చోటివ్వాలి. కెమెరా వంతు ఆ తరువాతే.