ప్రశ్న ఉత్పన్నం కాదట!

2021 నవంబర్ 29న పార్లమెంటు మూడు సాగు చట్టాల రద్దు బిల్లును చర్చ లేకుండానే ఆమోదించింది. ఆ మర్నాడు లోక్‌సభలో వ్యవసాయ మంత్రి ముందుకు రాతపూర్వకంగా ఒక ప్రశ్న వచ్చింది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు సాగిన ఉద్యమంలో ఎంతమంది రైతులు చనిపోయారు, వాళ్ల కుటుంబాలకు ప్రభుత్వం సాయం చేస్తుందా అని. మంత్రి నరేంద్ర సింగ్ తోమర్ జవాబు సారం ఇంతే: ఈ విషయంలో మా మంత్రిత్వ శాఖ దగ్గర రికార్డు లేదు, కాబట్టి ప్రశ్నే ఉత్పన్నం కాదు.

రైతు సంఘాల దగ్గర ఏడు వందలకు పైగా పేర్ల జాబితా ఉంది. చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 3 లక్షలు ఇస్తామని మన రాష్ట్రం నుంచి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పది రోజుల ముందే, నవంబర్ 20న ప్రకటించి ఉన్నారు. పక్కనున్న ఢిల్లీ సర్కారుకు మాత్రం కనబడలేదు. రికార్డు లేదంటే రాసుకోలేదని అర్థం. ఎందుకు రాసుకోలేదు? రాసుకుంటే ఇవ్వాల్సి వస్తుంది కనుక.

ఆ జవాబు విని మనోళ్లంతా తిట్టారు. నేనూ తిట్టాను. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ ప్రశ్న వేసినోళ్లు మనకు మేలే చేశారు. మంత్రి బహిరంగ సభలో అన్న మాటను రేపు కాదనొచ్చు, పేపరోడు తప్పు రాశాడనొచ్చు. సభకు రాసిచ్చిన జవాబును కాదనలేడు. అది ఎన్నేళ్లయినా రికార్డులో ఉంటుంది. అబద్ధమని తేలితే సభా హక్కుల ఉల్లంఘన కింద నిలదీయొచ్చు. రైతు చావులను లెక్కే పెట్టలేదని సర్కారు సంతకంతో ఒప్పించిన కాగితం అది.

ఈ ఆయుధం మన ఎమ్మెల్యేల చేతిలో కూడా ఉంది. తుప్పు పట్టిపోతోంది. ఈ నెల దాని గురించే రాస్తున్నాను.

నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి పబ్లిక్ గార్డెన్స్ వైపు నడిస్తే అసెంబ్లీ. 1913లో టౌన్‌హాల్‌గా కట్టిన తెల్ల గుమ్మటాల పాత భవనం బస్సులోంచి చూసినా కనబడుతుంది. ఎదురుగా గన్‌పార్కు, 1969 అమరుల స్తూపం. ‘ఛలో అసెంబ్లీ’ అని మనం పిలుపిచ్చిన ప్రతిసారీ సగం మందిని ఊళ్లోనే తెల్లారకముందు ఎత్తుకుపోతారు, మిగిలినోళ్లను గన్‌పార్కు దగ్గర వ్యాన్లెక్కించి ఏదో ఒక ఠాణాలో సాయంత్రం దాకా కూచోబెడతారు. ఇనుప కంచెల ఇవతల మనం గొంతు చించుకుని వేసిన నినాదం లోపల ఎవరూ రాసుకోరు. లోపలికి పోయి, మంత్రిని అడిగి, జవాబు రాయించే హక్కు మన ఓట్లతో గెలిచిన 119 మందికి ఉంది, మండలిలో ఇంకో 40 మందికి ఉంది. వాళ్లేం అడుగుతున్నారో మనం ఎన్నడైనా చూశామా?

ప్రశ్నల్లో ప్రధానంగా రెండు రకాలు. నక్షత్ర గుర్తు ఉన్నదానికి మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు ఇస్తే చాలు. లోక్‌సభలో రోజుకు మొదటి రకం 20, రెండో రకం 230 తీసుకుంటారు. టీవీలో కనబడేది మొదటి రకమే కనుక మన నాయకులకు దాని మీదనే మోజు. కానీ జిల్లాల వారీగా, మండలాల వారీగా లెక్కలు బయటికొచ్చేది రెండో రకంలోనే. అరుపులుండవు, మైకు కట్ చేసేదుండదు. 2020 సెప్టెంబర్ సమావేశాలు గుర్తున్నాయి కదా? కరోనా పేరు చెప్పి ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. ఆ సమావేశాల్లోనే సాగు బిల్లులు తెచ్చి, సెప్టెంబర్ 20న రాజ్యసభలో ఓటింగ్ అడిగినా పెట్టకుండా మూజువాణితో కానిచ్చేశారు. అప్పుడు కూడా ఎత్తేయకుండా మిగిలింది రాతపూర్వక ప్రశ్న ఒక్కటే. లాక్‌డౌన్‌లో నడిచి నడిచి చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని కేంద్రం ఒప్పుకున్నది ఆ సమావేశాల మొదటి రోజు ఇచ్చిన రాత జవాబులోనే.

అయితే అడగడం రావాలి. మన ఎమ్మెల్యేల ప్రశ్నలు ఎక్కువగా ఇట్లా ఉంటాయి: “వడ్ల కొనుగోలులో మిల్లర్లు తరుగు తీస్తున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వస్తే తీసుకున్న చర్యలేమిటి?” దీనికి జవాబు మంత్రి పేషీలో గుమాస్తా నిద్రలో కూడా రాసేస్తాడు. (ఎ) లేదండి. (బి) ప్రశ్న ఉత్పన్నం కాదు. అయిపోయింది. ఎమ్మెల్యే అడిగినట్టు, మంత్రి చెప్పినట్టు. 40 కిలోల బస్తాకు రెండు కిలోలు, మూడు కిలోలు పోగొట్టుకున్నోడు మాత్రం కాంటా దగ్గరే నిలబడి ఉంటాడు.

అదే ప్రశ్నను ఇట్లా వేసి చూడండి. ఫలానా జిల్లాలో గడిచిన యాసంగిలో కొనుగోలు కేంద్రాల నుంచి ట్రక్ షీట్ల ప్రకారం పంపిన వడ్ల బరువెంత? మిల్లుల్లో దించుకున్నప్పుడు రాసుకున్న బరువెంత? తేడా ఎంత? ఆ తేడాకు డబ్బు ఎవరికి చెల్లించారు, ఎవరికి కోత పెట్టారు? మిల్లుల వారీగా వివరాలు ఇవ్వగలరా? దీనికి “లేదండి” అని రాయలేరు. ట్రక్ షీటు ఉంది, మిల్లు రసీదు ఉంది, కంప్యూటర్‌లో రెండూ ఉన్నాయి. సంఖ్య రాయాలి, లేదా సంఖ్య లేదని రాసి దొరికిపోవాలి. ప్రశ్నలో తిట్లు, వాదనలు, వెటకారం ఉండకూడదని సభా నియమాలు చెబుతాయి. లోక్‌సభలోనైతే మామూలుగా 150 మాటలు దాటకూడదు కూడా. వెటకారం లేకపోతే మనోళ్లకు ముద్ద దిగదు, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు గాయం దగ్గరికి వస్తాను. కౌలు రైతు.

2022 మే నెలలో వరంగల్ డిక్లరేషన్‌లో కాంగ్రెస్ ఏం చెప్పింది? పట్టాదారుకూ, కౌలు రైతుకూ ఎకరానికి ఏడాదికి 15 వేలు. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా ఎంత? 12 వేలు, అదీ పట్టాదారుకు. కౌలు రైతు పేరు మాయం. అంతకుముందు పదేళ్లు ఏలినోళ్లు రైతుబంధు కౌలుదారుకు ఇవ్వబోమని బాహాటంగానే చెప్పారు. 2018 ఆగస్టు 15న మొదలైన రైతు బీమా కూడా పాసుబుక్కు ఉన్నోడికే. పట్టాదారు ఎట్లా చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి, మంచిదే. ఆ భూమినే కౌలుకు దున్ని, అప్పుల పాలై, పురుగుల మందు తాగినోడి ఇంటికి ఒక్క రూపాయి రాదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలన్నది. తెలంగాణలో ఎవరూ దాన్ని రద్దు చేయలేదు, ఎవరూ సరిగా అమలూ చేయలేదు. అటకమీద పెట్టేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త చట్టం తెచ్చి సాగుదారు కార్డులు ఇస్తున్నారు. భూ యజమాని ఒప్పుకుంటేనే కార్డు అన్న మెలిక దానికుంది. అయినా అక్కడ ఎన్ని కార్డులిచ్చారని అడిగితే చెప్పడానికి ఒక లెక్కయినా ఉంటుంది.

దేశమంతటా 2022లో వ్యవసాయంలో ఉన్నోళ్లు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో 5,207 మంది రైతులు, 6,083 మంది కూలీలు. మా వైపు జరిగేది చూస్తే, పాసుబుక్కు లేనోడు చస్తే పోలీసు పంచనామాలో రైతు అని రాయించడానికే కుటుంబం ఠాణా చుట్టూ తిరగాలి. ఐదెకరాలు కౌలుకు పత్తి పెట్టినోడు కాగితంలో కూలీ అవుతాడు. ఆ 6,083లో ఇట్లాంటోళ్లు ఎందరున్నారో ఎవరు చెప్పాలి?

మంత్రి చెప్పాలి. చెప్పించాల్సింది ఎమ్మెల్యే. 2015లో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయాన్ని 6 లక్షలకు పెంచారు కదా. అప్పటి నుంచి ఏడాదివారీగా, మండలాలవారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి? ఎన్ని ఆమోదించారు? ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో? అందులో సొంత భూమి లేనివాళ్లెందరు? 2011 చట్టం కింద ఏ ఏడాది ఎన్ని కార్డులిచ్చారు, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు? ఇవన్నీ కలిపినా ఒక్క పేజీ నిండదు.

“ఎమ్మెల్యే ఎందుకు, సమాచార హక్కు ఉంది కదా” అని మన పిల్లలు అంటారు. ఉంది. అబిడ్స్ జీపీఓలో పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కొని దరఖాస్తుకు గుచ్చి రిజిస్టర్ పోస్టులో వేసింది నేనూ చాలాసార్లు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు, ఆ తర్వాత మొజంజాహి మార్కెట్ దగ్గరున్న సమాచార కమిషన్. జీపీఓ నుంచి నడిచిపోయే దూరమే. కానీ ఆ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. రెండేళ్లకు పైగా కుర్చీలు ఖాళీ. ఒక పార్టీ దిగిపోయింది, ఇంకో పార్టీ ఎక్కింది, కుర్చీలు మాత్రం అట్లనే ఉన్నాయి. పైగా సమాచార హక్కు చట్టంలో ఎనిమిదో సెక్షన్ కింద ఒక మంచి వాక్యం ఉండేది: పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ నిరాకరించకూడదని. ఎమ్మెల్యే అడిగితే ఇచ్చేది మనం అడిగినా ఇవ్వాలని దానర్థం. 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంతో ఆ వాక్యాన్ని కొట్టేశారు. కాబట్టి ఇప్పుడు ఎమ్మెల్యే వేసే ప్రశ్న మనకు మునుపటికంటే ఎక్కువ అవసరం.

కానీ సభకు పోతేగా! తమ పార్టీ గెలిచినప్పుడు సభ దేవాలయం, ఓడినప్పుడు కౌరవ సభ. చంద్రబాబు 2021 నవంబర్‌లో శపథం చేసి అసెంబ్లీ నుంచి వెళ్లిపోయారు. 2024లో ఓడిన జగన్ ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామని సభను బహిష్కరించారు. ఇక్కడ కేసీఆర్ ప్రతిపక్ష నేతగా ఉండి సభలో కనబడ్డ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక అధికార పార్టీ ఎమ్మెల్యేలు సొంత మంత్రిని ఇబ్బంది పెట్టరు. మా పక్క నియోజకవర్గంలో ఒక ఎమ్మెల్యే దగ్గరికి తరుగు మీద వినతిపత్రంతో పోయాం. వెంటనే లెటర్‌హెడ్ మీద “తగు చర్య నిమిత్తం” అని రాసి కలెక్టర్‌కు పంపారు. సంతోషం సార్, ఇదే విషయం సభలో ప్రశ్నగా వేయండి అన్నాను. పక్కనున్న పీఏ నవ్వాడు. “ప్రశ్నలు పార్టీ ఆఫీసోళ్లే రాసిస్తరు, సార్ సంతకం పెడ్తడు.” ఎమ్మెల్యే గారు ఫోన్ చూసుకుంటున్నారు.

వాళ్లకు విలువ తెలియకపోయినా బయటోళ్లకు బాగా తెలుసు. 2005 డిసెంబర్‌లో ప్రశ్నలు వేయడానికి డబ్బులు తీసుకుంటూ రహస్య కెమెరాకు దొరికి పదకొండు మంది ఎంపీలు పదవులు పోగొట్టుకున్నారు, లోక్‌సభ వాళ్లు పది మంది, రాజ్యసభ నుంచి ఒకరు. ప్రశ్నకు డబ్బు పెట్టడానికి సిద్ధమయ్యేవాళ్లు ఉన్నారంటే దాని వెనక లాభం ఉన్నట్టే కదా. మనం ఓటు పెట్టి గెలిపించి, ఒక్క ప్రశ్న కూడా అడిగించుకోలేకపోతున్నాం.

పట్టు పడితే ఏమవుతుందో చెప్పడానికి పాత సంగతి ఒకటుంది. 1957లో ఎల్ఐసీ సొమ్ము ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎందుకు పెట్టారని లోక్‌సభలో రాం సుభగ్ సింగ్ ప్రశ్న వేశారు. ఆయనా అధికార పార్టీ సభ్యుడే. జవాబుతో తృప్తి పడక మళ్లీ అడిగారు, ఫిరోజ్ గాంధీ తోడయ్యారు. విచారణ దాకా పోయింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. నెహ్రూ ప్రభుత్వంలో, నెహ్రూ పార్టీ వాళ్లే, నెహ్రూ మంత్రిని అడిగారు. ఇప్పుడు టికెట్ ఇవ్వరని భయం.

జవాబు వచ్చాక కూడా పని ఉంటుంది. “సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం” అంటే అది తప్పించుకునే మాట అనుకుని వదిలేస్తాం. లోక్‌సభలో అట్లా అన్న మాటను హామీగా రాసుకుంటారు, మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే హామీల కమిటీ అడుగుతుంది. మన శాసనసభలోనూ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఆ కమిటీలో మీ జిల్లా ఎమ్మెల్యే ఉన్నాడేమో కనుక్కోండి. ఆయనకే తెలియకపోవచ్చు, మీరు చెప్పండి.

కాబట్టి మండల కమిటీలు ఈసారి వినతిపత్రాలు పక్కన పెట్టండి. తరుగు మీద ఒకటి, కౌలు రైతుల మీద ఒకటి, పైన రాసినట్టే ఊరు పేరు, సీజన్ పేరు పెట్టి ప్రశ్నలుగా తయారు చేయండి. ట్రక్ షీట్లు, పంచనామాల జిరాక్సులు వెనక జత చేయండి, ఎమ్మెల్యే చదవకపోయినా ఆయన దగ్గర ఉండాలి. సమావేశాల ప్రకటన వచ్చాక పోతే నోటీసు గడువు దాటిపోయిందంటారు, ఇప్పుడే పోవాలి. పది మంది పోండి, పార్టీ చూడొద్దు, మండలి సభ్యులనూ వదలొద్దు. ఇచ్చిన కాగితం మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సమావేశాలు అయ్యాక మళ్లీ అదే పది మంది పోయి, ప్రశ్న వేశారా, వేస్తే జవాబు ప్రతి ఏది అని అడగండి. జవాబు ప్రతులు వస్తే ఈ పత్రికకు పంపండి, అచ్చు వేస్తాం. వేయనోళ్ల పేర్లు కూడా నియోజకవర్గాల వారీగా ఇదే పేజీలో వేస్తాం.