పంపకానికి ముందే జరిగిపోయిన పంపకం

గేమ్ థియరీలో న్యాయమైన పంపకం అనే పాఠం రాగానే చేతి తొడుగులు వస్తాయి. ఒకరి దగ్గర కుడిచేతి తొడుగు ఒకటి, మరో ఇద్దరి దగ్గర ఎడమచేతివి చెరొకటి. జత కుదిరితేనే విలువ, లేకపోతే సున్నా. ముగ్గురూ ఎలా పంచుకోవాలి? (తొడుగులు నిజంగా అవసరమైన చోట, మురుగు కాల్వల్లోకి దిగే మావాళ్ళ చేతులకు, అవి ఎప్పుడూ ఉండవు. అది వేరే సంగతి.)

ఎం.ఏ. చదివే రోజుల్లో నోట్సులో తొడుగులు కొట్టేసి ఒక భూస్వామి, ఇద్దరు కూలీలు అని రాసుకున్నాను. భూమి ఉండి, కనీసం ఒక కూలీ ఉంటే 6 బస్తాలు పండుతాయి. భూమి లేకపోతే ఏమీ పండదు. లెక్కలో ఒక్క అంకె కూడా మారలేదు. క్లాసులో అడిగితే, రాజకీయాలు తీసుకురావద్దని సమాధానం వచ్చింది. తొడుగులుంటే గణితం, భూమి ఉంటే రాజకీయం!

ఇంతకీ లెక్క ఏం చెబుతుంది? ఏ కూటమీ విడిపోయి ఇంతకంటే ఎక్కువ సంపాదించుకోలేని పంపకాలను ‘కోర్’ అంటారు. ఇక్కడ కోర్‌లో ఉన్న పంపకం ఒక్కటే: భూస్వామికి 6, కూలీలకు సున్నా, సున్నా. ఒక కూలీ అరబస్తా అడిగితే, పావు బస్తాకే వచ్చే రెండోవాడు ఉన్నాడు కాబట్టి. దీన్ని స్థిరమైన పరిష్కారం అంటారు. నిజమే, వందల ఏళ్ళు స్థిరంగానే ఉంది.

ఇది మరీ క్రూరం అనుకున్నవాళ్ళు లాయిడ్ షాప్లీని చూపిస్తారు. 1953లో ఆయన ఇచ్చిన సూత్రం వేరు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేరుతున్నారనుకుని, ఎవరి రాకతో ఎంత అదనంగా వచ్చిందో అన్ని వరుసల్లోనూ చూసి సగటు తీస్తారు. అలా తీస్తే భూస్వామికి 4, కూలీలకు చెరో బస్తా. సున్నా కంటే నయం. కానీ కూలీలు తొమ్మిది మంది అయితే, ఇదే సూత్రం పంటలో నూటికి తొంభై వంతులు భూస్వామికి ఇస్తుంది. పక్కన ఆకలితో నిలబడ్డ ప్రతి మనిషీ భూస్వామి వాటా పెంచుతాడు. దీన్ని న్యాయం అనే మాటతో పిలవడానికి నాకు నోరు రాదు.

మళ్ళీ ఇద్దరు కూలీల దగ్గరికే వద్దాం. వాళ్ళు ఒకరు లేకుండా మరొకరు పనిలోకి వెళ్ళకూడదని కట్టుబడితే, ఆటలో ఇక ఇద్దరే మిగులుతారు: భూమి, సంఘం. షాప్లీ లెక్కలోనే చెరి సగం, అంటే సంఘానికి 3 బస్తాలు. సమీకరించు అని బాబాసాహెబ్ ఎందుకన్నాడో భిన్నాలు వచ్చిన ఎవరికైనా అర్థమవుతుంది.

అర్థమైంది భూస్వాములకు కూడా. తంజావూరు ప్రాంతంలోని కీలవేణ్మణిలో కూలి గింజలు పెంచమని సంఘం కట్టి అడిగిన దళిత కూలీల కుటుంబాల్లో 44 మందిని 1968 డిసెంబరు 25 రాత్రి గుడిసెలో పెట్టి తగలబెట్టారు. పాఠ్యపుస్తకంలో సంఘం కట్టడానికి ఖర్చు లేదు. మన ఊళ్ళలో ఉంది.

నా అసలు తగాదా షాప్లీతో కాదు. ఆయన సూత్రం తనకు ఇచ్చిన అంకెలను నిజాయితీగానే పంచుతుంది. ఆ అంకెలు ఇచ్చిందెవరు? కూలీలిద్దరూ కలిసినా వాళ్ళ కూటమి విలువ సున్నా అని బోర్డు మీద రాసి ముందుకు వెళ్ళిపోతాం. ఆ సున్నా ప్రకృతి రాసింది కాదు. పంజాబ్‌లో 1900 నాటి భూ బదలాయింపు చట్టం వ్యవసాయ జాతులంటూ కొన్ని కులాల జాబితా కట్టింది. దళితులు అందులో లేరు, డబ్బున్నా పొలం కొనలేరు. అక్కడ ఆ సున్నాను గెజెట్‌లో అచ్చు వేశారు. బాబాసాహెబ్ 1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో కూలి రేటు దగ్గర ఆగలేదు. వ్యవసాయ భూమి ప్రభుత్వానిది కావాలి, కుల భేదం లేకుండా ఊరివాళ్ళకు కౌలుకివ్వాలి, సమష్టిగా సాగు చేయాలి అన్నాడు. గేమ్ థియరీ భాషలో చెప్పాలంటే ఆయన పంపక సూత్రాన్ని కాదు, ఆటనే మార్చమన్నాడు.

బేరసారాల సిద్ధాంతం కూడా ఇంతే. 1950లో జాన్ నాష్ చెప్పినదాని ప్రకారం, ఒప్పందం కుదరకపోతే ఎవరి గతి ఏమిటన్నది ముందు చూడాలి, పంపకం అక్కడి నుంచి మొదలవుతుంది. బేరం చెడితే ఎక్కువ నష్టపోయేవాడికి ఒప్పందంలోనూ తక్కువే వస్తుంది. ఇది నేర్చుకోవడానికి మనకు నాష్ అక్కర్లేదు, 1932 సెప్టెంబరు చాలు. ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలతో పాటు సాధారణ నియోజకవర్గంలో రెండో ఓటు ఇచ్చింది. సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్ష మొదలైంది. బేరం చెడి గాంధీకి ఏమైనా అయితే, ఊరి చివర గూడేల్లో ఉన్నవాళ్ళ గతేమిటి? ఆ భయం మధ్య 24న సంతకం జరిగింది. సీట్లు దాదాపు రెట్టింపై 148కి చేరాయి, రెండో ఓటు పోయింది. సీట్లు పెరిగాయి కదా, ఇద్దరికీ లాభమే కదా అని ఇప్పటికీ కొందరు ప్రొఫెసర్లు అంటారు. ఉమ్మడి నియోజకవర్గంలో నూటికి ఎనభై మంది ఒక్కటైతే మిగిలిన ఇరవై మంది ఓట్ల బలం ఎంతో షాప్లీ, షూబిక్ 1954లో ఇచ్చిన సూచికతోనే లెక్క కట్టమనండి. సున్నా వస్తుంది. సీటు మనది, దాన్ని గెలిపించే ఓటు మనది కాదు.

ఇక మన ఇంటి మాట. ఎస్సీ వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1తో చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి, వాటాలు 1, 9, 5 శాతం. ఈ అంకెలు సరైనవేనా అని వాదించవచ్చు, వాదించాలి. కానీ వర్గీకరణ అడగడమే ఐక్యతను చీల్చడం అనే మిత్రులకు ఇదే లెక్క చూపిస్తాను. సంఘం తెచ్చిన 3 బస్తాల్లో ఒక కూలీ రెండున్నర తీసుకుని రెండోవాడికి అరబస్తా ఇస్తే, విడిగా ఉన్నప్పుడు షాప్లీ ఇచ్చిన బస్తా కూడా వాడికి దక్కలేదు. సంఘాన్ని చీల్చింది వాడా?

ఐక్యత పేరు చెప్పి ఆ అరబస్తాతో సర్దుకోమనడం నా వల్ల కాదు. అనగలిగినవాళ్ళు సెమినార్ హాల్లో కాకుండా అతని ముందుకు వచ్చి అనాలి.